వెనక గది గోడ

ఫిబ్రవరి 9

పిన్నీ,

కిందటి ఉత్తరంలో నువ్వడిగిన రెండు ప్రశ్నలకీ ఒకటే జవాబు: లేదు. జలుబు తగ్గలేదు, ఇల్లు కొనే ఆలోచన రాలేదు. సెలవులకి వచ్చినప్పుడల్లా నువ్వు చూపించిన తొమ్మిది ఇళ్ళనీ వద్దన్నదాన్ని, నా మాట నిలబెట్టుకోవాలి కదా. ఈ అద్దె ఇంట్లో వంటగది కిటికీ పూర్తిగా మూసుకోదు. పదిహేనేళ్ళుగా రోజూ అనుకుంటున్నాను, రేపు బాగు చేయించాలని.

ఒక కబురుంది. ఇళ్ళ ఏజెంట్ల మీద వచ్చే ఫిర్యాదులు వినే క్రమశిక్షణ సంఘంలో నన్ను వేశారు. ముగ్గురం. ఇద్దరు మీ వృత్తివాళ్ళు, మూడోదాన్ని నేను, బయటి మనిషిని. కాలేజీలో తర్కం చెబుతానని ఎంచుకున్నారట. ఇరవై ఏళ్ళుగా తర్కం చెబుతున్న ఈ మనిషికి ఏ కూర వండాలో తేల్చుకోవడానికి అరగంట పడుతుందని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. మా పిన్ని కూడా ఏజెంటేనని కార్యదర్శికి ముందే రాసిచ్చాను. ఆవిడ మీద ఎప్పుడైనా ఏదైనా వస్తే మీరు గదిలోంచి బయటికి వెళ్తే చాలు అన్నారు.

మొదటి విచారణ మొన్న అయింది. పొడవాటి బల్ల, మా వైపు మూడు మెత్తటి కుర్చీలు, అటువైపు ఒక చెక్క కుర్చీ, ఒక గ్లాసుడు నీళ్ళు. ఆ చెక్క కుర్చీకి ఒక కాలు పొట్టి. కూర్చున్న మనిషి కదిలినప్పుడల్లా టక్కుమంటుంది. ఆ చప్పుడు వింటుంటే ఎదుటి మనిషి అబద్ధమాడుతున్నట్టే అనిపిస్తుంది. తక్కినవాళ్ళకి అనిపించలేదట. దస్తూరీ బాగుందని చెప్పి మందలింపు ఉత్తరాలకి ఒక నమూనా కూడా నన్నే రాయమన్నారు. ఇదివరకటి నమూనా చదివితే ఎవరు ఎవర్ని ఎందుకు తిడుతున్నారో బోధపడదు.

ఒక్కటి అడగనా? పేరు చెప్పను, ఊరు చెప్పను, మగో ఆడో కూడా చెప్పను, రూలు. చాలా ఏళ్ళ అనుభవమున్న ఏజెంటు. ఒక ఇల్లు. వెనక గది గోడ తేమ విషయంలో కొనడానికి వచ్చినవాళ్ళకి ఉన్నమాట చెప్పలేదన్నది ఫిర్యాదు. అన్నేళ్ళు తాళాలు తీసి మూసినవాళ్ళకి గోడ మీద చెయ్యి పెడితే తెలియదా? తెలిసీ నిజం చెప్పకపోవడానికి డబ్బు కాక వేరే కారణం ఉంటుందా? నువ్వైతే ఏం చెబుతావు?

నీ
సందేహాల పుట్ట


ఫిబ్రవరి 17

పుట్టా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నిలబడి, రెండోసారి కూర్చుని, మూడోసారి మీ బాబాయ్ చేత చదివించుకుని. "అమ్మాయి ఏదో అడుగుతోంది, చెప్పు" అని ఆయన మళ్ళీ పేపర్లో తల దూర్చారు. ముప్పై రెండేళ్ళుగా నన్ను ఏజెంటు అనకుండా బ్రోకరనే పిలుస్తున్న మనిషికి అంతకంటే ఏం తడుతుంది.

నాకు మాత్రం తట్టింది. పేరు చెప్పకుండా, ఊరు చెప్పకుండా, రూలు మీరకుండా, "నువ్వైతే ఏం చెబుతావు" అని అడిగావు. నీ మంచితనం నాకు తెలియనిది కాదు. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

అవును. ఆ అబద్ధం చెప్పాను. పదకొండేళ్ళయింది.

మలుపులో ఉండే చిన్న ఇల్లు అది. వెనక గదిలో కిటికీ కింద అరుగుంటుంది, ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చునేంత. నా పద్ధతి నీకు తెలుసు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళని "కుళాయిలు చూసొస్తా" అని చెప్పి కాసేపు వాళ్ళ మానాన వదిలేస్తాను. నేను పక్కనుంటే ఇల్లు చూడరు, నా మొహం చూస్తారు. ఆ రోజు ఒక నర్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, తెల్ల బూట్లతోనే. కుళాయిలు చూసి తిరిగొచ్చేసరికి ఆ అరుగు మీద కూర్చుని, గోడకి తలానించి నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు. గుమ్మంలో ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ఎన్ని వందల ఇళ్ళు చూపించానో లెక్కలేదు, ఖాళీ ఇంట్లో అలా ఒళ్ళు మరిచి నిద్రపోయిన మనిషిని చూడలేదు. ఆ క్షణాన ఇల్లు ఆ పిల్లదైపోయింది, నా మనసులో.

ఆమె ఆలోచించుకోవడానికి రెండు రోజులడిగింది. మర్నాడు ఒక జంట వచ్చారు, ఇద్దరూ కళ్ళజోళ్ళే. టేపు పెట్టి గోడలు కొలిచారు. అరుగు తీయించేసి బీరువా పెట్టిస్తామన్నారు. సాయంత్రం ఫోను చేసి ఖాయం చేసుకుంటామన్నారు. నా నోరు ఎలా తిరిగిందో తెలియదు, "ఒక్క మాట, వెనక గది గోడకి తేముంది, వానాకాలం ఊరుతుంది" అన్నాను. అంత పొడిగోడ ఊళ్ళో ఇంకోటి లేదు. వాళ్ళు మానుకున్నారు. నర్సు అదే ధరకి కొనుక్కుంది, అమ్మినావిడకి నష్టం లేదు, నాకు లాభం లేదు. కారణం డబ్బు కాదని రాసుకో.

ఇప్పుడు ఫిర్యాదు రాసింది ఆ కళ్ళజోడావిడేనా? చెప్పకులే, రూలు. లైసెన్సు తీసేస్తారా? అదొక్కటీ ముందు తెలిస్తే బాగుణ్ణు. నా దగ్గర పదిహేడు ఇళ్ళ తాళాలున్నాయి. గుత్తి నడుముకి లేకపోతే నేను ఎటు ఒరిగి నడుస్తానో నాకే తెలియదు.

జలుబుకి ఆవిరి పట్టు.

పిన్ని


ఫిబ్రవరి 24

పిన్నీ,

కూర్చుని చదువు. ఆ ఫిర్యాదు నీ మీద కాదు.

తీర్పు బోర్డు మీద అంటించేశారు కనుక ఇప్పుడు చెప్పొచ్చు. ఆ ఏజెంటు మగమనిషి, ఈ ఊరివాడే. గోడకి తేమ ఉంటే దానికి అడ్డంగా బీరువా నిలబెట్టి ఇల్లు అమ్మాడు. ఆరు నెలలు లైసెన్సు ఆపేశాం. లేని తేమని ఉందన్న ఏజెంటు కూడా లోకంలో ఉంటారని, ఆ మనిషి మా పిన్నే అయి ఉంటుందని నాకు ఏ తర్కమూ చెప్పలేదు. నేను నిన్ను అడిగింది నిజంగా తెలుసుకుందామనే. "నువ్వైతే" అన్నమాటకి అంతకంటే అర్థం లేదు.

ఇక్కడితో ఆగిపోతే ఇది నవ్వుకునే ఉత్తరమయ్యేది. కానీ ఏజెంటు తప్పు చేసినట్టు సభ్యులకి ఏ దారిన తెలిసినా కార్యదర్శికి చెప్పాలని మా రూళ్ళలో ఏడోది. పదకొండేళ్ళయితేనేం, ఎంతకాలమైనా అని స్పష్టంగా ఉంది. నీ ఉత్తరాన్ని చింపేద్దామని ఒకసారి రెండు చేతులతో పట్టుకున్నాను కూడా. చింపితే మాత్రం నేను చదవనట్టవుతుందా? మొన్న ఆ బీరువా మనిషిని "తెలిసీ ఎందుకు చెప్పలేదు" అని నేనే గట్టిగా అడిగాను. కుర్చీ టక్కుమంది. ఇప్పుడు ఆ ప్రశ్న నన్ను అడుగుతున్నట్టుంది. మరోవైపు, ఆ నర్సు నిద్ర గురించి చదివినప్పుడు నాకు సంతోషం వేసింది, అది దాచను. సంతోషం వేసినందుకు మళ్ళీ సిగ్గు.

ఏం చేయాలో నాకు తెలియడం లేదు. నిన్ను అడిగితే నీ మాటే వింటాను, అది న్యాయం కాదు. అందుకని కొన్నాళ్ళు నీకు ఉత్తరం రాయను.

పుట్ట


మార్చి 12

అమ్మాయికి,

ఇంతకుముందు ఎప్పుడూ నిన్ను "అమ్మాయికి" అని మొదలుపెట్టలేదు కదా. కోపంగా ఉందని తెలియడానికి.

హాస్టల్లో చేరిన నాటినుంచి ఇప్పటిదాకా నువ్వు నాకు ఉత్తరం రాయని పక్షం లేదు. "కొన్నాళ్ళు రాయను" అని నాలుగు ముక్కలు గీకి ఊరుకుంటావా? నా మీద అసహ్యం పుట్టిందనుకున్నాను. మీ బాబాయ్‌తో అంటే, "అమ్మాయి అలాంటిది కాదు, ఆలోచించుకుంటోంది, అది ఆలోచిస్తే నెల పడుతుంది" అన్నారు. వినలేదు.

ఇంతలో ఒకటో తేదీన మీ సంఘం నుంచి గోధుమరంగు కవరొచ్చింది. అయిపోయింది, చెప్పేసింది అనుకున్నాను. ఆ కవరుని మూడు రోజులు విప్పలేదు. బల్ల మీద పెడితే కనబడుతోందని సొరుగులో పెట్టాను, సొరుగులో పెడితే కనబడటం లేదని మళ్ళీ బల్ల మీద పెట్టాను. ఆ మూడు రోజులూ తాళంచెవులన్నిటికీ చీటీలు కట్టాను, ఏ ఇంటికేది, ఏ తలుపు ఎత్తి తోయాలి, ఏ గొళ్ళెం మొరాయిస్తుంది, నా తర్వాత వచ్చేవాళ్ళకి తెలియాలని. అలా రాస్తూ రాస్తూ ఆ మలుపు ఇల్లు గుర్తొచ్చేది. నర్సు నిద్రపోయింది సరే. ఆ కళ్ళజోడావిడ కూడా టేపు మడిచేశాక ఒక నిమిషం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. అది నాకు గుర్తుంది. నీకు రాసిన ఉత్తరంలో మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదో మూడు రోజులు ఆలోచించాను. నీ జబ్బు నాకూ అంటుకున్నట్టుంది.

నాలుగో రోజు మీ బాబాయ్ కవరు చించి చదివారు. ఏజెంట్లందరూ తమ బోర్డు మీద లైసెన్సు నంబరు పెద్దక్షరాలతో రాయించుకోవాలట. అంతే. ఊళ్ళో ఉన్న ఏజెంట్లందరికీ వచ్చింది. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు.

నేను నవ్వలేదు. అప్పటికే నిర్ణయమైపోయింది. ఫిర్యాదు ఫారం తెప్పించుకుని నింపాను. ఎవరి మీద ఫిర్యాదు అన్నచోట నా పేరు. ఫిర్యాదు చేసేవారు అన్నచోట నా పేరు. "సదరు ఏజెంటుతో మీకు గల పరిచయం" అన్నచోట ఏం రాయాలో తోచక, "వృత్తిలోకి వచ్చిన నాటినుంచి, ముప్పై రెండేళ్ళు" అని రాశాను. మీ గుమస్తా దాన్ని తిప్పి పంపించాడు, రెండు చోట్లా పొరపాటున ఒకే పేరు పడింది, సరిచూసి పంపగలరు అని. "సరిచూశాను, ఒకటే" అని దాని మీదే రాసి నిన్న మళ్ళీ పోస్టు చేశాను.

కాబట్టి ఇంక నువ్వు నాకు ఉత్తరం రాయొచ్చు.

పిన్ని

తా.క. ఆవిరి పట్టావా లేదా?


మార్చి 20

పిన్నీ, పిన్నీ,

నువ్వు కోప్పడ్డ ఉత్తరాన్ని కాలేజీ మెట్ల మీదే నిలబడి చదివాను. పిల్లలు నా మొహం చూసి పక్కకి తప్పుకున్నారు.

అసహ్యమేమిటి? నీ మాట నా చెవిలో లేకుండా ఒక్క నిర్ణయమైనా నా అంతట నేను తీసుకుందామనుకున్నాను, అంతే. తీసుకున్నాను కూడా. ఏడో తేదీన కార్యదర్శి గదికి వెళ్ళి చెప్పేశాను. ఉత్తరం ఇవ్వమన్నారు. ఉత్తరం నాది, విషయం మీది అన్నాను. తిరిగొచ్చేటప్పుడు పిన్నిని పట్టిచ్చిన మనిషి ఎలా నడవాలో అలా నడిచాను. నీకు ఎలా రాయాలో తెలియక ఐదు ఉత్తరాలు మొదలుపెట్టి ఆపేశాను.

తర్వాతి వారం కార్యదర్శి పిలిచి ఒక ఫారం చూపించారు. మొహం సీరియస్‌గా పెట్టుకోవడానికి ఆయన పడ్డ అవస్థ చూడాల్సింది. "సరిచూశాను, ఒకటే" అన్న నీ దస్తూరీ. దాని పైన మొదటిసారి వచ్చినప్పుడు వేసిన ముద్ర ఉంది, మార్చి ఆరు. నేను వెళ్ళింది ఏడున. నీ గురించి నేను చెప్పే నాటికి నువ్వు ఒక రోజు ముందే వచ్చి గుమస్తా బల్ల మీద కూర్చున్నావు.

ఆ ముద్ర చూశాక ఎంత తేలికపడ్డానో చెప్పలేను. వెంటనే ఒక సందేహం: నేను చెప్పినది దండగా? నువ్వు పంపుతావని తెలిసుంటే నేను చెప్పేదాన్నా? చెప్పేదాన్నేననుకుంటున్నాను. రూఢిగా తెలియదు. ఈ ప్రశ్న జీవితాంతం నాతో ఉంటుంది. ఉండనీ, కిటికీతో పాటు.

విచారణ ఏప్రిల్ మూడున. నేను గదిలో ఉండను. ఆ రోజు నీతో మాట్లాడకూడదు, కలిసి టీ తాగకూడదు, కనీసం పలకరింపుగానైనా నవ్వకూడదు. వరండా చివర బెంచీ మీద నీకు వీపు పెట్టి కూర్చుంటాను. మొహం తిప్పుకుందనుకోకు. ఈసారి ముందే చెబుతున్నాను.

పట్టాను. తగ్గింది.

నీ పుట్ట


ఏప్రిల్ 8

నా సందేహాల పుట్టకి,

నీ వీపు చూశాను. జడలో తెల్లవెంట్రుకలు బాగా వచ్చాయి. ముందునుంచి చూస్తే తెలియదు. నిన్ను చూసి ధైర్యం వచ్చిందంటే నమ్ముతావా? బెంచీ మీద అలా కర్రలా కూర్చున్న మనిషి నాకోసమే కూర్చుందని వరండాలో ఇంకెవరికీ తెలియదు కదా.

లోపలికి వెళ్ళగానే నువ్వు చెప్పిన కుర్చీ టక్కుమంది. ఇల్లు చూపించేటప్పుడు కదిలే బల్ల కింద ఏదో ఒకటి దోపకుండా ఉండలేని దాన్ని. "ఒక్క నిమిషం" అని లేచి, సంచీలో ఏముందో వెతికి, మడిచి ఆ పొట్టి కాలు కింద పెట్టి కూర్చున్నాను. తర్వాత కదల్లేదు, కుర్చీ కూడా.

జరిగింది జరిగినట్టు చెప్పాను. కళ్ళజోడావిడ కిటికీ దగ్గర నిలబడ్డదీ చెప్పాను. మీ ఇద్దరు ఏజెంట్లలో లావుగా ఉన్నాయన అడిగారు, "రేపు మళ్ళీ అలాంటి నర్సు, మళ్ళీ అలాంటి జంట వస్తే ఏం చేస్తారమ్మా?" అని.

"చెప్పాలనిపిస్తుందండీ. చెప్పను" అన్నాను.

ఆయన నా ఫారం పక్కన పెట్టారు. బయట కూర్చోమన్నారు. మళ్ళీ పిలిచి, లైసెన్సు ఉంటుంది, లిఖితపూర్వకంగా మందలిస్తున్నాం, నెల తిరక్కుండా ఆ జంట దగ్గరికి స్వయంగా వెళ్ళి నిజం చెప్పి రావాలి అన్నారు. తాళాల గుత్తి నడుముకే ఉంది. బయటికొచ్చి ఎటూ ఒరక్కుండా నడిచాను.

ఐదో తేదీన మందలింపు ఉత్తరం వచ్చింది. మీ బాబాయ్ పైకి చదివారు. "ఏ ఇల్లు ఎవరిదవ్వాలో తేల్చడం ఏజెంటు పని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి తలుపు తీయడం ఏజెంటు పని. లోపల అడుగు పెట్టేదీ మానేదీ వచ్చిన మనిషి ఇష్టం." ఆపండి, ఇంకోసారి చదవండి అన్నాను. "పెట్టేదీ మానేదీ" అని హాస్టల్ నుంచి రాసిన మొదటి ఉత్తరంలో నీళ్ళసాంబారు గురించి రాసిన పిల్లని నేను ఆనవాలు పట్టలేనా? ఇంత చక్కగా తిట్టించుకున్న ఏజెంటు మరొకరుండరు. లైసెన్సు పక్కనే అద్దం కట్టించి పెట్టాను. వచ్చినవాళ్ళు చదువుతున్నారు. మీ బాబాయ్ మొదటిసారి "మా ఏజెంటుగారికి మొట్టికాయ పడింది" అని ఎవరితోనో అన్నారు. బ్రోకరు అనలేదు.

ఇక ఆ జంట దగ్గరికి వెళ్ళాలి. దానికి మాత్రం భయంగా ఉంది.

పిన్ని


ఏప్రిల్ 26

పుట్టా,

వెళ్ళాను. వాళ్ళు రెండు వీధుల అవతలే ఉంటున్నారు. ఆయన విని నవ్వేసి, "పోనిద్దురూ, ఎప్పటి మాట" అన్నారు. ఆవిడ నవ్వలేదు. టీ ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, "ఆ గోడ ఒకసారి చూడాలి" అంది.

ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి ముందురోజే వెళ్ళి నర్సుకి అంతా చెప్పాను. ఆమె బిత్తరపోయింది, ఇల్లు తనది కాదంటారేమోనని. నీదేనమ్మా, చేసింది నేను అన్నాను. మర్నాడు తలుపు తనే తీసింది. గుమ్మంలో తెల్ల బూట్లు. అరుగు మీద దిండు, గోడకి తలానే చోట చిన్న నూనె మరక. కళ్ళజోడావిడ నేరుగా వెళ్ళి గోడ మీద అరచెయ్యి పెట్టింది. తీయలేదు. ఇంటికి లోపాలు చెప్పేదాన్ని, ఆ గోడ ముందు నిలబడితే నా ఒళ్ళే తేమెక్కినట్టుంది.

"పొడిగానే ఉంది" అంది చివరికి. అరుగు మీద కూర్చుంది. "దీన్ని తీయించేసి ఉండేవాళ్ళం" అని నర్సుతో అంది. నాతో కాదు. క్షమించానని అనలేదు, నేను అడగనూ లేదు.

వీధిలోకి వచ్చాక నా పక్కన కాస్త దూరం నడిచి చెప్పింది: "మా అమ్మాయికి ఇల్లు చూస్తున్నాం. మీరు తాళాలు తీయండి చాలు. గోడలు మేమే తడుముకుంటాం."

సోమవారం మూడిళ్ళు చూపిస్తున్నాను.

పిన్ని


మే 3

పిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండుసార్లూ కూర్చునే.

ఒక నిజం చెప్పాలి. ఆ మందలింపు వాక్యం రాసింది ఫిబ్రవరిలో, నీ మలుపు ఇంటి సంగతి తెలియక ముందు. రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది ఏ నేరస్థుడూ కాదు. నువ్వూ, నాకు సరిగ్గా సరిపోతాయని తేల్చేసి మరీ చూపించిన ఆ తొమ్మిది ఇళ్ళూ. నీ మీద కినుకతో రాసిన వాక్యం చివరికి నీకే చేరింది. ఇప్పుడు చదివితే అది పూర్తిగా నిజమా అని అనుమానం వస్తోంది. పదకొండేళ్ళుగా ఆ మనిషి ఆ గోడకి తలానించి నిద్రపోతోంది కదా. నమూనా మార్చాలా అని ఆలోచించాను. మార్చలేదు. వాక్యం అలాగే ఉండాలి, అనుమానం నా దగ్గరుండాలి.

మొన్న ఇంకో విచారణ. కొత్త ఏజెంటు. కూర్చున్నాడు. నేను టక్కుమనే చప్పుడు కోసం చూశాను. రాలేదు. అతను నీళ్ళు తాగి, తన సంగతి మొదటినుంచి చెప్పాడు. తప్పు అతనిదే, కానీ వినగలిగాం. అందరూ వెళ్ళాక వంగి చూస్తే పొట్టి కాలు కింద నాలుగు మడతలు పెట్టిన గోధుమరంగు కవరు, దాని మీద నీ అడ్రసు. ఊడ్చే ఆవిడ తీసి పారేయబోతే, ఉండనివ్వమన్నాను.

జూన్ మొదటి వారం వస్తాను. పదో ఇల్లు చూపించు. లోపాలన్నీ గుమ్మం దగ్గరే చెప్పేసి, కుళాయిలు చూసొస్తానని వెళ్ళిపో. నేను నిద్రపోతే మాత్రం లేపకు.

నీ
సందేహాల పుట్ట